చిన్న గంట

పరీక్ష తప్పి ఏడ్చినవాళ్ళను అందరం చూశాం. నెగ్గి ఏడ్చిన మనిషి మాత్రం, ఆ రోజు నేత మిల్లు వైద్యశాల గుమ్మం ముందు, గద్దమ్మ ఒక్కతే.

గద్దమ్మ అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నాలుగు మగ్గాల అవతల పోగు తెగినా నిలబడ్డచోటునుంచే పట్టేస్తుందని షెడ్డులో ఆడవాళ్ళు తగిలించిన పేరు. ఇరవై ఆరేళ్ళనుంచి అదే షెడ్డు, అదే పేరు. జీతం చీటీ మీద తప్ప అసలు పేరు ఆమెకే గుర్తుండదు.

పరీక్ష చెవులకి. షెడ్డు మోతకి చెవి దెబ్బతిన్నట్టు తేలితే జీతం తగ్గించకుండా మడతల గదికి మారుస్తామని మిల్లువాళ్ళు కొత్తగా ఓ నియమం పెట్టారు. మడతల గదిలో యంత్రాలుండవు. బట్ట మడిచి, చీటీ అంటించి, దొంతర పెట్టడమే పని. అక్కడి ఆడవాళ్ళు పనిచేస్తూ ఒకళ్ళతో ఒకళ్ళు మామూలుగా మాట్లాడుకుంటారు. షెడ్డులోవాళ్ళకి అదే పెద్ద వింత.

ఏడాదిగా గద్దమ్మ చెవిలో ఓ ఈల మొదలైంది. ఇంటికెళ్ళినా, తలకి పోసుకున్నా, చెవిలో వేలు పెట్టి ఆడించినా ఆగదు. వేరే ఊళ్ళో ఉన్న కూతురితో ఫోనులో మాట్లాడాలంటే బొమ్మ కనపడాల్సిందే. పెదవులు కనపడకపోతే పిల్ల మాట దుప్పటి కిందనుంచి వచ్చినట్టుంటుంది. ఉద్యోగం ఇంకా ఆరేళ్ళుంది. ఆ ఆరేళ్ళూ షెడ్డులోనే గడిపితే మిగిలిన కాస్తా పోతుందని ఆమెకి తెలుసు. ఆ మిగిలిన కాస్తా కాపాడుకోవాలి, అంతే. అంతకుమించి మిల్లువాళ్ళని ఆమె ఏమీ అడగలేదు.

గాజుపలక అవతల పరీక్ష చేసే అమ్మాయి కూర్చుంది. పక్కనే మిల్లు డాక్టరు ఏదో రాసుకుంటున్నాడు. గద్దమ్మ చెవులకి తొడుగులు పెట్టి, చేతికి చిన్న మీట ఇచ్చారు.

"శబ్దం వినపడినప్పుడల్లా నొక్కండమ్మా. ఎంత సన్నగా వినపడినా సరే," అంది ఆ అమ్మాయి, ముందుగా కాగితంమీద నాలుగు ప్రశ్నలు పూర్తిచేసి. అందులో ఒకటి, ఇంట్లో పెద్ద శబ్దాలేమైనా ఉంటాయా అని.

"మా ఇంట్లో ఏముంటాయి, కుక్కరు కూత తప్ప," అంది గద్దమ్మ. ఆ అమ్మాయి నవ్వి, లేవని గీత పెట్టింది.

ఆ తరవాత గద్దమ్మ నొక్కుతూ పోయింది. అబద్ధమాడాలని కాదు. నిజానికి ఓడిపోదామనే వచ్చింది. కానీ గాజు అవతల ఆ అమ్మాయి వేలు శబ్దం పంపే బొత్తాం మీదికి దిగుతుంటే ఈమె బొటనవేలు తనంతట తనే దిగింది. వినపడిందనే అనుకుంది. షెడ్డులో మాటల్ని పెదవుల్లో, మగ్గం జబ్బుని దాని కదలికలో, మేస్త్రీ కోపాన్ని అతని భుజాల్లో చూసి బతికిన మనిషి. ఆమెకి కంటితో చూసిందీ చెవితో విన్నదీ ఎప్పుడో కలిసిపోయాయి.

"వినికిడి మామూలుగా ఉంది. అభ్యంతరముంటే పది రోజుల్లో మళ్ళీ పరీక్ష కోరవచ్చు," అని రాసిచ్చారు. గద్దమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గుమ్మం పక్కన నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. వరసలో ఆమె వెనకున్న పక్క మగ్గాలామె భుజం పట్టుకుని, "ఏమైంది గద్దక్కా?" అని పెదవులతో అడిగింది. బయట నిశ్శబ్దంగా ఉన్నా గొంతు ఎత్తకపోవడం షెడ్డువాళ్ళ అలవాటు.

"బాగుందట," అంది గద్దమ్మ.

పక్క మగ్గాలామె వంతు ఆ రోజు రాలేదు. పైవారానికి వాయిదా వేశారు.

*

ఆ సాయంత్రం గద్దమ్మ ఇంటికి పోకుండా అక్కగారింటికి పోయింది. ఒంటరి ఇంట్లో ఆ ఈలతో కూర్చోవాలంటే ఆమెకి భయమేసింది.

బావ రేడియోలు బాగుచేస్తూ బతికినవాడు. షాపు మూసేశాక వీధివైపు గదిలో తను చేసుకున్న రెండు పొడుగాటి స్పీకరు పెట్టెల్ని నిలబెట్టుకుని, కిటికీకి బొంత కట్టుకుని, రోజూ సాయంత్రం రెండు గంటలు అందులో కూర్చుంటాడు. నేలమీద సుద్దతో మూడు గుర్తులున్నాయి. రెండు పెట్టెలకీ, ఒకటి కుర్చీకీ. ఊడ్చేటప్పుడు అవి చెరిగిపోతే ఇంట్లో పెద్ద రభస.

"పెళ్ళయి నలభై ఏళ్ళయింది. నా మాట ఒక్కనాడు చెవిన పెట్టలేదు. ఆ పెట్టెల మాట మాత్రం కళ్ళు మూసుకుని మరీ వింటాడు," అంది అక్క, చెల్లెలి చేతిలో కాఫీ పెడుతూ.

"అవి నిన్నటి గొడవ ఇవాళ ఎత్తవు మరి," అన్నాడు బావ గదిలోనుంచి. "మరదలా, ఇలా రా. ఏడ్చిన మొహంతో కాఫీ తాగితే కాఫీ పాడవుతుంది."

కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టడం అక్క కూడా ఎన్నడూ చూడలేదు. తను పక్కన నేలమీద పీట వేసుకుని, ఓ పాట పెట్టాడు. ఒకామె పాడుతోంది. వెనక వయొలిన్, డోలు, మరేవో ఉన్నాయి.

"ఇంత చిన్నగానా? కాస్త పెంచు బావా," అంది గద్దమ్మ.

"గట్టిగా పెడితే వినడం రానివాళ్ళకి కూడా వినపడుతుంది. ఆగు. ఊరికే కూర్చో. పాడే ఆమె ఎక్కడ నిలబడిందో చెప్పు."

"పెట్టెలో."

"ఏ పెట్టెలో?"

గద్దమ్మ కుడివైపు పెట్టెని చూసింది. అక్కడ లేదు. ఎడమవైపు చూసింది, అక్కడా లేదు. గొంతు రెండింటి మధ్య నుంచి, ఏమీలేని గోడ దగ్గరనుంచి వస్తోంది. లేచి వెళ్ళి చూసింది. గోడకి ఓ క్యాలెండరు వేలాడుతోంది, అంతే. తిరిగొచ్చి కూర్చోగానే ఆ మనిషి మళ్ళీ అక్కడే నిలబడింది. డోలు ఆమె వెనకాల, కొంచెం ఎడంగా ఉంది.

"మీ బావకి పిచ్చి అనుకున్నావు కదూ ఇన్నాళ్ళూ," అన్నాడు.

"ఇప్పుడూ అనుకుంటున్నాను. కాకపోతే నాకూ పట్టేట్టుంది."

మర్నాడు పని దిగి తిన్నగా అక్కడికే పోయింది. ఆ మర్నాడూ అంతే. గట్టిగా ఉండటం వేరు, స్పష్టంగా ఉండటం వేరని బావ చెప్పాడు. డోలు మీద చెయ్యి పడటం ఒక శబ్దం, చర్మం ఊగి సద్దుమణగడం ఇంకొకటి. మంచి పెట్టె ఆ రెండింటినీ విడివిడిగా ఇస్తుంది, చవక పెట్టె రెండింటినీ ముద్దచేసి ధమ్మని పారేస్తుంది. పాటని పట్టుకోవద్దన్నాడు, ఒక్క వాయిద్యాన్ని పట్టుకుని చివరిదాకా దానివెంటే పొమ్మన్నాడు. గద్దమ్మకి అది చప్పున అర్థమైంది. రెండువేల నాలుగొందల పోగుల్లో ఒక్క పోగు వెంట కన్ను పోనివ్వడం ఆమెకి కొత్త కాదు.

నాలుగో రోజు పాట మధ్యలో, "ఆ తీగ కాస్త వదులైంది," అంది.

"ఏ తీగ?"

"వయొలిన్‌ది. మొదట్లో బిగువుగా ఉంది. ఇప్పుడు దిగింది."

బావ వెనక్కి తిప్పి రెండుసార్లు విన్నాడు. మూడోసారి తల పట్టుకున్నాడు. "పదేళ్ళనుంచి వింటున్నాను ఈ పాట. వంటింటి మనిషీ, ఇలా రావే. మీ చెల్లెలు నా పరువు తీసింది."

"ఉంటేగా తియ్యడానికి," అంది అక్క లోపల్నుంచి.

ఇంకో రోజు ఎడమ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, వెనకవైపు మర ఏదో వదులుగా ఉందని చెప్పింది. చూస్తే నిజమే, కింది మూల మర అర చుట్టు వదులైంది. మగ్గం కాలు వదులైతే అరికాలికి తెలుస్తుంది ఆమెకి, ఇదో లెక్కా. బావ ఆ మర బిగించి, మరదలి తలమీద ఒక్క మొట్టికాయ వేశాడు. ఎవరైనా తనని మెచ్చుకుని ఎన్నేళ్ళయిందో గద్దమ్మకి గుర్తురాలేదు. ఆ రాత్రి ఈల వినపడుతున్నా ఆమె నిద్రపోయింది.

*

ఏడో రోజు బావ తన ముద్దుల రికార్డు తీశాడు.

"ఇందులో చరణం చివర ఓ చిన్న గంట ఉంటుంది. వేలెడంత గంట. దాన్ని సరిగ్గా పలికించడానికే ఈ పెట్టెల్లో సన్నటి శబ్దాలు పలికే పైముక్కని నాలుగుసార్లు మార్చాను. నా బతుకులో నేను చేసిన మంచిపని ఏదైనా ఉందంటే ఆ గంట."

పాట మొదలైంది. చరణం చివరికొచ్చేసరికి బావ చూపుడువేలు పైకి లేచింది. "విన్నావా?"

"విన్నాను," అంది గద్దమ్మ.

రెండో చరణం చివర మళ్ళీ వేలు లేచింది. "ఇప్పుడు?"

"ఆఁ, వినపడింది."

"ఎక్కడుంది గంట? ఎడమనా, కుడినా?"

గద్దమ్మ తడుముకుంది. గొంతు ఎక్కడుందో, డోలు ఎక్కడుందో, వయొలిన్ వాయించే అతను పాడే ఆమెకి ఎన్ని అడుగుల దూరంలో కూర్చున్నాడో చెప్పగలిగిన మనిషి, "మధ్యలో," అంది నమ్మకం లేకుండా.

బావ మూడో చరణం సగంలో, గంట లేనిచోట, ఊరికే వేలెత్తాడు.

"విన్నాను," అంది గద్దమ్మ.

బావ పాట ఆపాడు. రికార్డుని మళ్ళీ మొదటికి పెట్టాడు. తరవాత, "కళ్ళు మూసుకో తల్లీ," అన్నాడు. ఎప్పుడూ మరదలా అని ఆటపట్టించేవాడు తల్లీ అనేసరికి గద్దమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

కళ్ళు మూసుకుంది. పాట మొదటినుంచి వచ్చింది. గొంతు, డోలు, తీగ వచ్చాయి. చరణం అయిపోయింది. గంట మోగినచోట ఆమెకి ఖాళీ వినపడింది, ఆ ఖాళీలో తన ఈల వినపడింది. రెండో చరణం, మూడో చరణం. ఎక్కడా గంట లేదు. కళ్ళు తెరిచేసరికి బావ మొహం అటు తిప్పుకుని ఉన్నాడు.

"నువ్వు వేలు ఎత్తలేదు కదూ?" అంది.

"ఎత్తలేదు."

"అయితే అక్కడ కూడా..." అని ఆగిపోయింది. గాజుపలక, ఆ అమ్మాయి వేలు కళ్ళముందు కనపడ్డాయి. వినలేదు తను. చూసింది. వారం కిందట తను నొక్కిందంతా ఆ వేలిని చూసి నొక్కింది.

ముందు ఆమెకి ఏడుపొచ్చింది, పోయినదాని కోసం. ఆ వెంటనే సంతోషమేసింది, కారణం దొరికినందుకు. ఈ రెండూ ఒక్కసారే వస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో అక్క చూసి, చేతిలో గరిటెతో అలాగే గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇంకా మూడు రోజుల గడువుంది. అర్జీ పెట్టు. కుర్చీ గోడవైపు తిప్పించుకుని కూర్చో. కళ్ళు మూసుకో," అన్నాడు బావ.

*

కుర్చీ తిప్పమంటే పరీక్ష చేసే అమ్మాయి ఆశ్చర్యపోయింది గానీ, కాదనలేదు. గద్దమ్మ గోడకి మొహం పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, బావ గదిలో కూర్చున్నట్టే కూర్చుంది. వినపడిందాన్నే నొక్కింది. వినపడనిదాన్ని నొక్కలేదు. చాలాసేపు ఆమె బొటనవేలు మీట మీద కదలకుండా ఉంది.

అయిపోయాక ఆ అమ్మాయి తొడుగులు తీసి, కాగితం మీది గీతని చూసి, "అయ్యో అమ్మా," అంది మెల్లిగా. పోయినసారి గీత తిన్నగా ఉంది, ఈసారి సగంనుంచి బావిలోకి దిగిపోయింది. డాక్టరు వచ్చి చూశాడు, ఆయన కూడా తల పంకించాడు. గద్దమ్మకి సగం బరువు దిగింది.

"పాత ప్రశ్నలే మళ్ళీ అడగాలి," అన్నాడు డాక్టరు, కాగితం తన ముందుకు లాక్కుని. "ఇంట్లో పాటలూ అవీ వినే అలవాటుందా?"

పాటల సంగతి ఆమెని ఎవరూ ఎన్నడూ అడగలేదు. వారంరోజులుగా ఎవరికైనా చెబుదామని లోపల ఉబలాటపడుతున్న మాట అది. షెడ్డులో చెబుదామంటే పెదవులతో చెప్పే సంగతి కాదు. గద్దమ్మ మొహం విచ్చుకుంది.

"వింటానండీ. మా బావ నేర్పాడు," అని మొదలుపెట్టింది. రెండు నిలువెత్తు పెట్టెలున్నాయని, బావే సొంతంగా చేశాడని, వాటిముందు సరిగ్గా ఇక్కడ కూర్చుంటే పాడే ఆమె గోడ దగ్గర నిలబడ్డట్టుంటుందని చేతులతో చూపించింది. రోజూ రెండు గంటలు వింటానంది. తీగ వదులైతే పట్టేశానంది. డాక్టరు ఓపిగ్గా విన్నాడు. మధ్యలో ఒకసారి, "నిలువెత్తంటే ఎంత?" అని అడిగాడు. ఆమె తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఆయన రాసుకున్నాడు. అంత పెద్ద డాక్టరు తన మాట అంత శ్రద్ధగా వింటుంటే ఆమెకి గర్వంగా అనిపించింది.

అక్క దగ్గర ఆ సాయంత్రం రెండుసార్లు కాఫీ అడిగి తాగింది. మడతల గదిలో కిటికీ పక్క బల్ల తనకిస్తారో లేదో అని బెంగ కూడా పెట్టుకుంది.

*

రెండు రోజుల తరవాత సంక్షేమాధికారి పిలిపించాడు. చెడ్డవాడేం కాదు. కూర్చోమని కుర్చీ కూడా చూపించాడు.

"చెవులు దెబ్బతిన్నమాట నిజమేనమ్మా. డాక్టరుగారు రాశారు," అన్నాడు. గద్దమ్మ అతని పెదవుల్నే చూస్తోంది. "కారణం, ఇంట్లో పెద్ద స్పీకర్ల ముందు రోజూ గంటల తరబడి కూర్చోవడం. అది మిల్లు వల్ల వచ్చింది కాదు కాబట్టి నియమం మీకు వర్తించదు."

పెదవుల మీద తను చదివింది పొరపాటేమో అనుకుని, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ అదే చెప్పాడు.

"మా బావ చాలా చిన్నగా పెడతాడు బాబూ."

"ఎంత చిన్నగా?"

"వంటింట్లో ఉన్న మా అక్కకి వినపడదు."

"మీకు వినపడుతుందా?"

"వినపడుతుంది."

"చెవులు పాడైన మీకే వినపడుతుంటే, అది చిన్న శబ్దం ఎలా అవుతుంది?"

కుర్చీ ఎక్కడ వేయాలో, గది ఎంత నిశ్శబ్దంగా ఉండాలో, వినడం ఎలా నేర్చుకోవాలో ఇతనికి చెప్పాలంటే వారం పడుతుంది.

"వారం రోజులేగా నేను వింటున్నది. ఇరవై ఆరేళ్ళ మోతకి పోలేదా, వారం పాటలకి పోయాయా?"

"మీ చెవులు పది రోజుల కిందట బాగున్నాయి. అదీ డాక్టరుగారే రాశారు, కింద సంతకం కూడా మీరే పెట్టారు. ఇరవై ఆరేళ్ళు మిల్లులో ఉన్నా చెడలేదని దాని అర్థం. ఈ పది రోజుల్లో ఏం మారింది? మిల్లేమీ మారలేదు కదమ్మా."

ఆమెకి కోపం రాలేదు, ఆశ్చర్యమేసింది. అన్నీ తను చెప్పినవే. కుక్కరు కూత తను చెప్పిందే, నిలువెత్తు పెట్టెలూ తను చెప్పినవే. ఒక్క అబద్ధం ఆడలేదు. ఎవరూ ఆడించలేదు కూడా.

"చెవుల్లో పెట్టుకోండి," అని అధికారి సొరుగులోంచి మెత్తటి బిరడాల పొట్లం తీసిచ్చాడు. "పాటలు కాస్త తగ్గించండి."

సాయంత్రం అక్కగారింటికి వెళ్ళి జరిగింది చెప్పింది. బావ అంతా విని, పెట్టెల వెనక్కి వెళ్ళి తీగలు ఊడబీకాడు. పెట్టెల మీద దుప్పటి కప్పాడు.

"నీ తప్పేముంది బావా," అంది గద్దమ్మ.

"ఆ గంట నీకు వినిపించాలనుకున్నాను చూడు, అదే నా తప్పు," అన్నాడు. అక్క వచ్చి దుప్పటి కొస సరిచేసింది.

*

మర్నాడు పక్క మగ్గాలామె పరీక్ష. మధ్యాహ్నం భోజనాలప్పుడు మగ్గాలు ఆగాయి. గద్దమ్మ ఆమెని పెరట్లోకి, నీళ్ళ తొట్టి దగ్గరికి లాక్కుపోయింది. ఆ చివర ఊడ్చే మనిషి ఆకులు పోగుచేస్తోంది.

"కుర్చీ గోడవైపు తిప్పమని అడుగు. సిగ్గుపడకు. కళ్ళు మూసుకో. వినపడితేనే నొక్కు," అంది గద్దమ్మ. "ఇంట్లో పాటలు వింటావా అని అడుగుతారు. ఏం చెబుతావు?"

"మా ఆయన రేడియో పెడతాడు కదక్కా పొద్దున్నే."

"పెట్టడు. మీ ఇంట్లో రేడియో లేదు. ఏం చెబుతావు?"

"వినం అని చెబుతా."

"పాటలంటే ఇష్టమా?"

పక్క మగ్గాలామె నవ్వింది. షెడ్డులో పనిచేస్తూ పెదవులతో పాడుకుంటుందని ఆమెకి పేరు. "ఇష్టంలేదు," అంది.

"నవ్వకుండా చెప్పు."

"ఇష్టంలేదు."

"ఆఁ. అలా చెప్పు." గద్దమ్మ ఆమె భుజాలు పట్టుకుంది. "ఇప్పుడు ఒకసారి చేసి చూద్దాం. అటు తిరుగు. కళ్ళు మూసుకో. నేను ఓ శబ్దం చేస్తాను. వినపడితే చెయ్యెత్తు."

పక్క మగ్గాలామె బుద్ధిగా అటు తిరిగి, కళ్ళు మూసుకుని, చెయ్యి ఎత్తడానికి సిద్ధంగా పెట్టుకుంది. ఆమె షెడ్డులో చేరి పదకొండేళ్ళే అయింది. గద్దమ్మ నడుముకి దోపుకున్న తాళాల గుత్తి తీసింది. పెట్టె తాళం, ఇంటి తాళం, సైకిలు తాళం, ఓ చిన్న ఇత్తడి తాళం. పక్క మగ్గాలామె చెవి దగ్గర పెట్టి ఊపింది.

చెయ్యి లేవలేదు.

మళ్ళీ ఊపింది. తాళాలు ఒకదానికొకటి తగులుతున్నట్టు వేళ్ళకి తెలుస్తోంది. గద్దమ్మకీ ఏమీ వినపడలేదు. మోగుతున్నాయో లేదో అనుమానమొచ్చి తలెత్తి చూసింది. పెరటి ఆ చివర ఊడ్చే మనిషి చీపురు ఆపి, ఆ చప్పుడెక్కణ్ణుంచా అని ఇటే చూస్తోంది.

"ఊఁ, కానీ గద్దక్కా. ఇంకా మొదలుపెట్టవేం?" అంది పక్క మగ్గాలామె, కళ్ళు మూసుకునే.

గద్దమ్మ గుత్తిని ఇంకాస్త దగ్గరగా పెట్టి, ఇంకాస్త గట్టిగా ఊపింది.